తల్లి పేరుతో కలిపి

మృదుల ఫోను ఎత్తకపోతే హైమావతికి ముందుగా కనపడేది అంబులెన్సు. ఆ తరవాత మంచు మీద జారి తలకిందులైన కారు, ఆ తరవాత తలుపు తట్టే పోలీసు. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడితే గాని మళ్ళీ ఫోను చెయ్యాలన్న ఆలోచన రాదు. ఈసారి కూతురు ఎత్తి, "డ్రైవ్ చేస్తున్నానమ్మా, ఏంటి?" అంటుంది. "ఏం లేదులే, జాగ్రత్త" అని పెట్టేస్తుంది. పెట్టేశాక, డ్రైవ్ చేస్తున్న పిల్ల ధ్యాస తనే చెడగొట్టిందేమోనని మళ్ళీ అంబులెన్సు దగ్గర మొదలుపెడుతుంది.

"నీకు భయపడటానికి కారణాలు బయటనుంచి రానక్కర్లేదే, ఇంట్లోనే వండుకుంటావు," అంటాడు రామ్మోహన్. రాజమండ్రి నుంచి కెనడా వచ్చిన దగ్గర్నుంచీ అతను ఏజాక్స్‌లోని ఒక గోడౌనులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. బరువులు ఎత్తి దించడమే తప్ప ఏ బరువూ ఇంటికి మోసుకురాని మనిషి.

మృదుల ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. వాళ్ళకు స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం, ఆఖరి ఘడియల్లో చెయ్యి పట్టుకుని కూర్చోవడం. ఆ పని పేరు హైమావతి ఎవరికీ తిన్నగా చెప్పదు. "హాస్పిటల్ లైన్‌లో ఉంది" అంటుంది. గురువారాలు షిఫ్ట్ అయ్యాక పిల్ల ఇంటికి రాకుండా థార్న్‌హిల్ అనే ఊరు వెళ్తోందని, అదీ చదువు కోసమని తెలిసేసరికి పొంగిపోయి, గుడిలో కనపడినవాళ్ళందరికీ "మా అమ్మాయి నర్సింగ్ చదువుతోంది" అని చెప్పేసింది కూడా. చెప్పాక, ఏ చదువో కనుక్కోలేదని గుర్తొచ్చి కూతుర్ని అడిగింది.

"నర్సింగ్ కాదమ్మా. కబ్బాలా."

"అదేం కోర్సే?"

"కోర్సు కాదు. యూదుల వేదాంతం లాంటిది. దేవుడు లోకాన్ని ఎట్లా చేశాడు, మన దాకా ఎట్లా దిగొస్తాడు, అలాంటివి. అయినా నాకింకా మొదలే కాలేదు. ఆవిడ మొదలుపెట్టనివ్వట్లేదు."

"ఏ ఆవిడ?"

ఆవిడ పేరు రివ్కా. ఒకప్పుడు బళ్ళో టీచరు. ఆవిడ భర్త కేర్ హోమ్‌లోనే కిందటి వసంతంలో పోయాడు. ఆయనకు చివరిదాకా అన్నీ చేసింది మృదులే. ఆయన మాట పడిపోయాక కూడా రివ్కా రోజూ వచ్చి, మంచం పక్కన కూర్చుని ఏదో పుస్తకం రాగం తీసి చదివేదట. ఆ రాగం వింటే ఆ ముసలాయన పిడికిలి విడిచేవాడట. అదేమిటో నేర్పమని మృదుల వెంటపడింది.

"నేర్పనంది. వాళ్ళవాళ్ళకే నలభై ఏళ్ళు దాటాలంటారట. ఇంటి చదువు కడుపునిండా తిన్నవాళ్ళు తప్ప ఆ గది తలుపు తీయకూడదట. నువ్వు మా ఇంటి పిల్లవి కూడా కాదు, నీ కడుపు ముందు నిండాలి కదా అంది."

"మరి ప్రతి గురువారం వెళ్ళి ఏం చేస్తున్నావు?"

"టీ తాగొస్తున్నా," అని నవ్వింది మృదుల.

హైమావతి నవ్వలేదు. ఆ టీ గురించే ఆలోచించింది.

మర్నాడు పద్మ దగ్గరకు వెళ్ళింది. పద్మది కరీంనగర్, వీధి చివర టౌన్‌హౌస్. లోకంలో ఏ సంగతైనా ఫోనులో చూసి క్షణంలో తేల్చేస్తుంది.

"అక్కా, అది మంత్రాల చదువే," అంది పద్మ. "నేను చూసిన. గుండ్రాలు గీసి, అక్షరాలు రాసి, దేవతలను దింపుతరంట. పెద్ద పెద్ద సినిమావోళ్ళు ఎర్ర దారాలు కట్టుకొని తిరుగుతరు."

"మా పిల్ల చేతికి దారం ఏమీ లేదు పద్మా."

"ఇంకా కట్టలేదేమో."

ఆ 'ఇంకా' అన్న మాట హైమావతిని వదల్లేదు. ఆ వేళనుంచీ కూతురు స్నానం చేసి వచ్చినప్పుడల్లా మణికట్టు కేసి చూడటం అలవాటైంది.

దారం కనపడలేదు గాని ప్రశ్నలు మొదలయ్యాయి.

ఒక సాయంత్రం హైమావతి దేవుడి దగ్గర దీపం వెలిగించి, అగ్గిపుల్లను విదిలించి ఆర్పింది. పక్కనే నిలబడి చూస్తున్న మృదుల, "ఊదవేంటమ్మా ఎప్పుడూ?" అంది.

"నోటితో ఊదకూడదు."

"ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారు? అందరూ అంతే."

"నీకు ఎవరు చెప్పారని అడుగుతున్నా."

"పోయి అన్నం తిను."

తరవాతి వారం పొరుగింటి చంటిపిల్ల వచ్చి వెళ్తుంటే హైమావతి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. అప్పుడూ మృదుల పక్కనే ఉంది. "నువ్వు పెదాలు కదుపుతావు కదా, ఏమంటావు? నాక్కూడా చెప్పు" అంది. ఆ అడగటంలో వెటకారం లేదు. పదహారేళ్ళ వయసులో ఇదే పిల్ల "ఏంటమ్మా ఈ మూఢనమ్మకాలు" అని మొహం మీదే తలుపు వేసుకునేది. దానికి హైమావతి భయపడలేదు. ఆ వయసు పిల్లలు అలాగే ఉంటారు. ఇప్పుడు ఇంత మెత్తగా, ఇంత ఓపిగ్గా, చెప్పకపోతే ఊరుకుని మళ్ళీ వారానికి ఇంకొకటి అడగటమే ఆవిడకు మింగుడు పడలేదు. ఎవరో అడిగించి రమ్మంటే అడిగినట్టుండేది.

"నా నోట్లోంచి మాటలు లాగి ఎవరికి చెబుతున్నావు?" అంది ఒకసారి.

మృదుల తెల్లబోయింది. "ఎవరికి చెప్తానమ్మా. తెలుసుకోవాలని ఉండదా?"

"ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు వచ్చింది?"

ఇంకో వారం మృదుల హాల్లో గోడనున్న ఫొటో ముందు నిలబడింది. తన మొదటి పుట్టినరోజున అమ్మమ్మ ఒళ్ళో కూర్చున్న ఫొటో అది. అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంటుంది. "అమ్మమ్మ ప్రతి ఫొటోలోనూ ఇంతే కదమ్మా. నోరెప్పుడూ కనపడదు. ఎందుకు?"

"పళ్ళు ఎత్తు. సిగ్గు ఆవిడకి."

అబద్ధం అంత తొందరగా, అంత నున్నగా వచ్చినందుకు హైమావతికే ఆశ్చర్యం వేసింది.

అంతలో హైమావతికి రొమ్ములో గడ్డ తగిలింది. డాక్టరు చూసి, భయపడాల్సింది కాకపోవచ్చు, సూదితో ముక్క తీసి పరీక్ష చేద్దాం అంది. 'కాకపోవచ్చు' అంటే అవుననే అర్థమని హైమావతి ఇంటికి వచ్చేలోపే నిర్ధారించేసుకుంది. తను పోయాక రామ్మోహన్ ఏం తింటాడో తోచక, అతన్ని స్టవ్ ముందు నిలబెట్టి పప్పు ఉడకబెట్టడం నేర్పింది. "ఇంగువ ఎప్పుడు వెయ్యాలో చెప్పి పో," అన్నాడు రామ్మోహన్. ఆవిడ నిజంగానే చెప్పింది.

పరీక్ష ఇంకా వారం ఉందనగా, గోంగూర వేయిస్తున్న తల్లి దగ్గరకు వచ్చి మృదుల మెల్లిగా అడిగింది. "అమ్మా, అమ్మమ్మ అసలు పేరేంటి?"

"రత్నకుమారి. తెలీదూ?"

"అది రాజమండ్రిలో పెట్టుకున్న పేరని ఒకసారి నువ్వే అన్నావు. ముందున్న పేరు."

గరిట ఆగింది. "ఎందుకు?"

"రివ్కా గారు నీ టెస్టు రోజున నీకోసం ప్రార్థన చేస్తానన్నారు. వాళ్ళలో ఒంట్లో బాగాలేని మనిషికి తండ్రి పేరు చెప్పరట. తల్లి పేరుతో కలిపి చెప్పాలట. ఫలానా ఆవిడ కూతురు హైమావతి అని."

గోంగూర అడుగంటింది. ఎవరూ స్టవ్ ఆపలేదు.

నర్సీపట్నం అవతల, కొండల కిందనున్న ఊళ్ళో హైమావతి తల్లి పసిపిల్లలకు జ్వరమొస్తే దిష్టి తీసి దారం కట్టేది. తీసేటప్పుడు పిల్ల పేరు, పిల్ల తల్లి పేరు, ఆ తల్లిని కన్న తల్లి పేరు వరసగా అనుకునేది. అంతే ఆవిడ మంత్రం. అన్నదమ్ముల ఆస్తులు తండ్రుల పేర్ల మీద ఉంటాయి గాని ప్రాణం తల్లి పేరు మీద ఉంటుంది అనేది. ఒక ఏడాది విషజ్వరాలు వచ్చాయి. మోతుబరి ఇంటి పిల్లాడు పోయాడు. పోవడానికి ముందు ఈవిడ వెళ్ళి దిష్టి తీసింది. తల్లి పేరడిగి పట్టుకెళ్ళి చిల్లంగి పెట్టింది, చేతబడి చేసింది అన్నారు. పెరట్లో గుండ్రాలు గీసింది అన్నారు. వాన పడి సగంలో వదిలేసిన ముగ్గు అది. పట్టపగలు, రామకోవెల ముందు, ఊరంతా చూస్తూండగా, మంత్రం మళ్ళీ తిన్నగా పలకకూడదని వడ్రంగి పటకారుతో ఆవిడ ముందుపళ్ళు పీకారు. పరికిణీలో ఉన్న హైమావతి అరుగు మీంచి చూసింది. తెల్లారేలోపు ఊరు వదిలేశారు. రాజమండ్రిలో పేరు మారింది, ఇంటిపేరు మారింది, ఆవిడ కొంగు నోటి మీదికి వచ్చింది. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు చిగుళ్ళ జబ్బన్నారు. రామ్మోహన్‌కి ఇప్పటికీ అంతే తెలుసు.

ఆ తల్లి పేరును ఇప్పుడు తన కూతురి నోటితో, ఎక్కడో థార్న్‌హిల్‌లో టీ కాచుకునే ఒక మంత్రగత్తె అడుగుతోంది.

"పేరూ లేదు గీరూ లేదు," అంది హైమావతి. "నాకోసం ఎవరూ ఏ ప్రార్థనా చెయ్యక్కర్లేదు. నా పేరు కూడా ఆవిడ దగ్గర ఎత్తొద్దు."

"నీ పేరు ఎప్పుడో చెప్పానమ్మా. ఆవిడ రోజూ అడుగుతుంది నీ గురించి."

గడ్డ ఎందుకు వచ్చిందో ఆ క్షణాన హైమావతికి తెలిసిపోయింది.

మర్నాడు కూతురు పనికి వెళ్ళాక గదంతా వెతికింది. బట్టల అలమర పై అరలో, ఉతికిన తెల్ల దిండుగలీబులో చుట్టి, ఒక లావుపాటి పాత పుస్తకం ఉంది. అట్ట అంచులు చేతుల వాడకానికి నల్లబడ్డాయి. లోపల చీమలు కుడినుంచి ఎడమకు బారులు తీరినట్టు అక్షరాలు. మధ్యలో ఒక పేజీ నిండా గుండ్రాలు, గుండ్రానికీ గుండ్రానికీ మధ్య గీతలు. చుక్కల ముగ్గులాగే ఉంది. హైమావతి అక్కడే, తెరిచిన అలమర ముందు నిలబడిపోయింది. ఊరివాళ్ళు తన తల్లి పెరట్లో చూశామని చెప్పినవి తన ఇంట్లో, తన కూతురు అలమరలో దొరికాయి.

పద్మకు ఫోను చేసింది.

"చెత్తల ఎయ్యకు అక్కా, మనకే చుట్టుకుంటది. కాలవెట్టకు కూడా," అంది పద్మ. "నీళ్ళల్ల కలపాలె. నేను కారు తెస్తున్న."

నవంబరు గాలి సరస్సు మీంచి ఈడ్చి కొడుతోంది. ఒడ్డున గులకరాళ్ళ మీద ఇద్దరాడవాళ్ళూ శాలువాలు తలకు చుట్టుకుని నిలబడ్డారు. హైమావతి పుస్తకానికి పసుపు రాసింది, కుంకం పెట్టింది, నిమ్మకాయ కోసి రెండు చెక్కలూ అటొకటి ఇటొకటి విసిరింది. శత్రువు సామానైనా పంపించే పద్ధతిలో పంపించాలి కదా. కళ్ళు మూసుకుని, మా ఇంటి జోలికి రాకు తల్లీ అని, ఆ తల్లి ఎవరో తెలియకపోయినా దణ్ణం పెట్టి, నీళ్ళలోకి వదిలింది. పుస్తకం మునగలేదు. ఒక అల దాన్ని తెచ్చి ఆవిడ బూట్ల దగ్గర పెట్టింది.

"ఇష్టం లేదు దానికి పోవుడు," అంది పద్మ.

కర్రతో తోశారు. మళ్ళీ వచ్చింది. కుక్కను తిప్పుతున్న ఒక తెల్లావిడ ఆగి చూసి, చలికి మెడ లోపలికి లాక్కుని వెళ్ళిపోయింది. చివరికి పద్మ కారులోంచి గుడిలో ఇచ్చిన ఎర్ర దారం ఉండ తెచ్చింది. ఆ దారంతో పుస్తకానికి రాయి కట్టారు. ఈసారి మునిగింది.

తిరిగి వస్తూ పద్మ అంది. "పుస్తకం పోయింది సరే, మనిషి ఉన్నది కదా. ఆమె ఇంకా ఆ హోమ్‌కి ఎందుకు వస్తున్నది? మొగుడు పోయిండు కదా."

"మిగతా ముసలివాళ్ళకు చదివి వినిపిస్తుందట. చావుకు దగ్గరున్నవాళ్ళ పేర్లూ వాళ్ళ తల్లుల పేర్లూ అడిగి ప్రార్థన చేస్తుందట, మృదులే చెప్పింది."

పద్మ బ్రేకు మీద కాలేసింది. "తల్లుల పేర్లు రాసుకుంటున్నదా?"

రాసుకుంటుందో లేదో హైమావతికి తెలియదు. "ఆ," అంది.

"మా ఆడపడుచు చంద్రిక అక్కడనే సూపర్‌వైజర్. ఒక్క మాట చెప్పమంటవా?"

హైమావతి కిటికీలోంచి బయటకు చూసింది. ఒక్క మాటే కదా. ఊళ్ళో కూడా ఎవరో ఒకరు ముందు ఒక్క మాటే అని ఉంటారన్న సంగతి అప్పుడు తోచలేదు. తోచినా ఆగేది కాదేమో. పిల్ల దక్కాలి.

"చెప్పు," అంది. "ఆవిణ్ణి అక్కడికి రానివ్వకుండా చేస్తే చాలు."

పరీక్ష రోజున రామ్మోహన్ సెలవు పెట్టి ఆవిణ్ణి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. సూది పొడిచిన చోట మంట పెడుతుంటే, తిరుగు దారిలో, కారు రిపేరుకు ఇచ్చిన మృదులను కూడా ఎక్కించుకుందామని కేర్ హోమ్ ముందు ఆగారు. రామ్మోహన్ కాఫీ తెస్తానని పక్క ప్లాజాలోకి వెళ్ళాడు. మంచు అప్పుడే మొదలైంది, పలచగా, అడ్డంగా.

తలుపు దగ్గర ఒక పొట్టి ముసలావిడ నిలబడి ఉంది. చేతికర్ర, భుజానికి గుడ్డసంచి. లోపలినుంచి ఒక పిల్ల వచ్చి ఆవిడకు ఏదో చెప్పి, సంజాయిషీగా చేతులు తిప్పి, తలుపు మూసేసింది. ముసలావిడ మళ్ళీ గంట నొక్కలేదు. తలుపు తన మొహాన పడటం కొత్త కాని మనిషిలా పక్కకు జరిగి నిలబడింది. గాలి మొహాన కొట్టింది. మెడలోని ఊలు గుడ్డ తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

హైమావతికి కారులో ఒక్కసారిగా చలేసింది. ఆ మనిషి నిలబడిన తీరు, వంగిన భుజం, నోటి మీద గుడ్డను గట్టిగా పట్టుకున్న ఆ వేళ్ళు. దిగి వెళ్ళి ఆవిణ్ణి కారులో కూర్చోబెట్టడానికి పది అంగలు వేస్తే చాలు. చెయ్యి తలుపు పిడి దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే ముసలావిడ కారు కేసి చూసింది. హైమావతి వేలు జారి లాకు మీద పడింది. నాలుగు తలుపులూ టక్కుమని మూసుకున్న చప్పుడు ఆవిడకే పెద్దగా వినిపించింది.

మృదుల బయటకు వచ్చింది. తల్లిని చూసింది, కారును చూసింది. కారు దాటి వెళ్ళి ముసలావిడ జబ్బ పట్టుకుంది. ఇద్దరూ మంచులో బస్ స్టాప్ కేసి నడిచారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికే మృదులకు, చంద్రిక చెప్పగా, పుస్తకం నీళ్ళపాలైన సంగతితో సహా అన్నీ తెలుసు.

"పుస్తకం ఏది అమ్మా?"

"నీళ్ళలో కలిపాను. చెత్తలో వెయ్యలేదు," అంది హైమావతి, అందులో కాస్త మర్యాద ఉందన్నట్టు. "పసుపూ కుంకం పెట్టే పంపించాను."

మృదుల సోఫా అంచున కూర్చుంది. కోట్ కూడా విప్పలేదు. "అది రివ్కా గారి ఆయన పుస్తకం. వాళ్ళ నాన్నది ఆయనకు వచ్చింది. వాళ్ళలో అలాంటి పుస్తకం పాడైతే పారెయ్యరు, మనిషిని పాతినట్టు పాతిపెడతారట. చెప్పా ఆవిడకి. ఇప్పుడు పాతడానికి కూడా లేదు కదా అంది."

"అందులో గుండ్రాలు ఉన్నాయి. నేను చూశాను."

"నువ్వు తెరిచావా?" మృదుల తలెత్తింది. "నేను ఇంకా తెరవలేదు."

రామ్మోహన్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అతనికి ఏమీ అర్థం కాలేదు గాని, అది అడిగే సమయం కాదని మాత్రం అర్థమైంది.

"మొదలుపెట్టొద్దు, ఊరికే ఇంట్లో ఉంచుకో అని ఇచ్చింది," అంది మృదుల. "ముందు మీ అమ్మను అడుగు అంది. వారానికి ఒకటి. ఇంట్లో ఏం చేస్తుంది, ఎందుకు చేస్తుంది, ఎవరి దగ్గర తీసుకుంది. వాదించొద్దు, తప్పు పట్టొద్దు, చెప్పేదాకా ఆగు అంది. కబ్బాలా అంటే తీసుకోవడమేనట. ఇంట్లో తీసుకోవడం రానివాళ్ళకి బయట ఎవరు ఇచ్చినా నిలవదంది. ఆవిడ నాకు నేర్పిన పాఠం ఆ ఒక్కటే అమ్మా. నిన్ను అడగడం."

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చు కదే."

"చెబితే నువ్వు నాకోసం ఏదో ఒకటి చెప్పేస్తావని. నీ అంతట నువ్వు ఇవ్వాలట."

హైమావతి ఇప్పుడు చెప్పాలి. పళ్ళు ఎత్తు కాదే అని మొదలుపెడితే చాలు, మిగతాది అదే వస్తుంది. కాని గుమ్మంలో రామ్మోహన్ ఉన్నాడు. రేపు పద్మకు తెలుస్తుంది, ఎల్లుండి గుడిలో తెలుస్తుంది. చిల్లంగి మనిషి కూతురట అంటారు, మనవరాలట అంటారు. ఈ దేశంలో ఎవరూ అనరని ఎవరు చెప్పగలరు? ఒక్క మాటకు ఒక ముసలిదాన్ని మంచులో నిలబెట్టిన దేశమే కదా ఇదీ.

"వాళ్ళ మాటలు నమ్మి కన్నతల్లిని అనుమానిస్తున్నావు," అంది చివరికి.

మృదుల లేచింది. "చంద్రిక ఆంటీ నాకు వార్నింగ్ ఇచ్చింది. పేషెంట్ ఫ్యామిలీ దగ్గర గిఫ్ట్ తీసుకున్నానని. అది పర్లేదు. ఆవిణ్ణి మాత్రం ఇంక లోపలికి రానివ్వరు. ఆయన పోయిన గది ముందు కాసేపు కూర్చుని వెళ్ళేది ఆవిడ. నువ్వు ఏం చెప్పావో నేను అడగను."

"అడుగు, చెప్తాను."

"వద్దమ్మా. ఇంక అడగను."

మృదులకు గంటన్నర దూరంలోని కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో ఇంకో కేర్ హోమ్‌లో ఉద్యోగం దొరికింది. సామాను అంతా కారులో పట్టింది. పోట్లాటా లేదు, ఏడుపూ లేదు. దోసెపిండి డబ్బా ఇస్తే తీసుకుంది, థాంక్స్ అంది. ఆ థాంక్స్ హైమావతికి చెంప మీద కొట్టినట్టు తగిలింది.

పరీక్ష ఫలితం వచ్చింది. ఏమీ లేదు, ఉత్త కొవ్వు గడ్డ అంది డాక్టరు. రామ్మోహన్ మిఠాయి డబ్బా తెచ్చాడు. పద్మ వచ్చి, "చూసినవా అక్కా, నీళ్ళల్ల కలిపినంక ఎట్ల పోయిందో," అంది. హైమావతి ఆవిడకు కాఫీ ఇచ్చింది. ఆవిడ వెళ్ళాక ఆ కప్పు కడుగుతూ కడుగుతూ, దాన్ని తీసి చెత్తబుట్టలో పడేసింది.

మృదుల ఆదివారాలు ఫోను చేస్తుంది. టైముకు చేస్తుంది. రోడ్డు మీద ఉన్నప్పుడు చెయ్యదు, భయపడే వీలు ఇవ్వదు.

ఆ ఆదివారం హైమావతి పొద్దున్నించీ మాటలు కూడబెట్టుకుంది. రామ్మోహన్ బయట మంచు ఎత్తుతున్నాడు. హాల్లో ఫొటో కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. ఫోను మోగింది.

"తిన్నావా అమ్మా?"

"తిన్నాను. నువ్వో?"

"తిన్నా."

"ఏమైనా అడగవే," అంది హైమావతి.

"ఏం అడగాలి?"

"ఏదైనా. ఇదివరకు అడిగేదానివి కదా."

అవతల ఎవరో ముసలాయన దగ్గుతున్న చప్పుడు. మృదుల ఆయనకు ఇంగ్లీషులో ఏదో మెత్తగా చెప్పి, మళ్ళీ ఫోనులోకి వచ్చింది.

"నాన్న మోకాలు ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"అక్కడ మంచు బాగా పడుతోందా?"

"పడుతోంది."

"సరే అమ్మా. బ్రేక్ అయిపోయింది, వెళ్ళాలి. జాగ్రత్త."

ఫోను ఆగిపోయింది. హైమావతి దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది. నోటి దాకా తెచ్చుకున్న మాట వెనక్కి పోనంటోంది.

"మా అమ్మ పేరు నూకరత్నం," అంది ఆ ఫోనులోకి. "నూకరత్నం కూతురు హైమావతి. ఆవిడ కూతురు మృదుల."

బూట్ల మంచు దులుపుకుంటూ రామ్మోహన్ తలుపు తీసుకుని వచ్చాడు. "నూకరత్నం ఎవరు?" అన్నాడు.

హైమావతి ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరో మా ఊరావిడ," అంది. "నీకు తెలీదులే."